ఆ సంగతి ఎలా తెలిసింది? చరిత్ర చదువులో నైపుణ్యాల ప్రశ్న

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో కాకతీయుల నాటి శాసనం ఒకటి ఉంది. వేయించినవాడు రాజు కాదు, సామంతుడూ కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు. కాకతి రుద్రమదేవీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్లారని, వాళ్లకు పుణ్యం కలగాలని దేవుడికి భూమి ధారపోస్తున్నానని అందులో చెప్పుకున్నాడు. శక సంవత్సరం, తిథి లెక్కగట్టి చూస్తే అది 1289 నవంబరు. ఈ రాయి వెలుగులోకి రాకముందు చరిత్ర పుస్తకాలు రుద్రమ 1295 దాకా ఏలిందనే రాసేవి. ఒక కొలువువాడి దానశాసనం మహారాణి పాలనాకాలాన్ని ఆరేళ్లు తగ్గించింది.

రాణి ఎలా పోయింది? తన సామంతుడే అయిన కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో, అని మనకు గట్టిగా చెబుతారు. శాసనంలో ఆ మాట లేదు. రాణి పేరూ సేనాని పేరూ ఒకేచోట రావడం, సరిగ్గా ఆ రోజుల్లోనే అంబదేవుడు తిరగబడి ఉండటం, ఈ రెండూ కలిపి పండితులు చేసిన ఊహ అది. మంచి ఊహే. కానీ ఊహ.

అంటే ఇంత చిన్న ఉదంతంలోనే మూడు రకాల మాటలున్నాయి. రాతి మీద ఉన్నది ఒకటి, రాణి చనిపోయిందన్నది. లెక్కతో తేల్చింది ఇంకొకటి, మన క్యాలెండరు ప్రకారం అది ఏ నెల అన్నది. ఊహించింది మూడోది, యుద్ధభూమిలో పోయిందన్నది. పాఠ్యపుస్తకంలోకి వచ్చేసరికి మూడూ ఒకే అచ్చులో, ఒకే గొంతుతో పడతాయి. పిల్లలు మూడింటినీ ఒకే రకంగా బట్టీ పడతారు. చరిత్ర చదివినవాళ్లకు అసలు ఏం రావాలి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: ఏ వాక్యం ఏ రకందో పోల్చుకోవడం రావాలి. మిగతా నైపుణ్యాల్లో చాలావరకు దీని చుట్టూ తిరిగేవే.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఇంగ్లండులో 1972లో మొదలైన స్కూల్స్ కౌన్సిల్ హిస్టరీ ప్రాజెక్టు, రాజుల వరస అప్పజెప్పించడం తగ్గించి పిల్లల చేతికి ఆధారాలిచ్చి ఏం జరిగి ఉంటుందో తేల్చమంది. మన దేశంలో ఏకలవ్య సంస్థ మధ్యప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 1986 నుంచి సాంఘికశాస్త్రాన్ని కొత్తగా చెప్పే ప్రయత్నం చేసింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరవాత వచ్చిన ఎన్సీఈఆర్టీ పుస్తకాల్లో శాసనాలు, ప్రయాణికుల రాతలు, చిత్రాలు పాఠం మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర ప్రణాళిక చట్రం ఆధారంగా తయారైన సాంఘికశాస్త్రం పుస్తకాలు ఆరు విద్యాప్రమాణాలు పెట్టుకున్నాయి: విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై స్పందించి ప్రశ్నించడం, పట నైపుణ్యాలు, ప్రశంస-సున్నితత్వం. కెనడాలో పీటర్ సేషస్ బృందం చేసిన జాబితాలోనూ ఆరే ఉన్నాయి. అయితే అవి వేరు: ప్రాముఖ్యం, ఆధారం, మార్పు-కొనసాగింపు, కారణం-ఫలితం, నాటివారి దృష్టి, నైతిక కోణం.

రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. మన ఆరూ సాంఘికశాస్త్రం మొత్తానికి వర్తించేవి. భూగోళానికీ సరిపోతాయి, పౌరశాస్త్రానికీ సరిపోతాయి. కెనడావాళ్లవి చరిత్రకు మాత్రమే చెందినవి. మన జాబితాలో ‘ఆధారం’ అన్న మాటకు ప్రత్యేకంగా చోటు లేదు, సమాచారంలో కలిసిపోయింది. ఇది చిన్న లోపం కాదు. పట్టికలో ఉన్న అంకెను చదవడం సమాచార నైపుణ్యం. ఆ పట్టికను ఎవరు, ఎందుకు వేశారని అడగడం చరిత్ర.

ఇలా అడగడం పెద్దయితే దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటు. అమెరికాలో శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో ఇప్పటికీ మొదటి మెట్టు. 1775లో లెక్సింగ్టన్ దగ్గర జరిగిన కాల్పుల మీద కొన్ని పత్రాలను ఎనిమిదిమంది చరిత్రకారులకూ ఎనిమిదిమంది హైస్కూలు విద్యార్థులకూ ఇచ్చి, చదువుతూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నాడు. విద్యార్థులు మొదటి పంక్తి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోయారు. చరిత్రకారులు ముందు అడుక్కి వెళ్లి ఇది ఎవరు, ఎప్పుడు, ఎవరికి రాసిందో చూసుకుని అప్పుడు పైకి వచ్చారు. ఏది నమ్మదగిందని అడిగితే విద్యార్థులు పాఠ్యపుస్తకంలోని భాగానికి అన్నిటికంటే పెద్దపీట వేశారు. చరిత్రకారులు దాన్ని దాదాపు చివరికి నెట్టారు. ఆ చరిత్రకారుల్లో కొందరు అమెరికా చరిత్ర మీద పనిచేసినవాళ్లు కూడా కారు. విషయం తక్కువ తెలిసినా, పత్రాన్ని నిలదీయడం తెలుసు.

వైన్‌బర్గ్ మూడు అలవాట్లకు పేరుపెట్టాడు. చదవబోయే ముందు రాసినవాడెవరో ఆరా తీయడం, ఒక ఆధారాన్ని ఇంకోదాంతో సరిచూసుకోవడం, దాన్ని పుట్టిన కాలంలో పెట్టి చూడటం. తెలుగు పిల్లలకు ఇవి నేర్పడానికి లెక్సింగ్టన్ దాకా వెళ్లక్కర్లేదు. బొబ్బిలి ఉంది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద విజయనగరం రాజు విజయరామరాజూ ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి దాడి చేశారు. కోట లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ చేతులారా చంపుకుని చచ్చేదాకా పోరాడారు. తరవాత విజయరామరాజును గుడారంలో చొరబడి చంపారు. ఈ కథకు మన దగ్గర కనీసం మూడు పాత కథనాలున్నాయి. ఈస్టిండియా కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ ఇంగ్లీషులో రాసింది ఒకటి. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ రెండోది, పద్యకావ్యం. ఊరూరా జంగాలు పాడిన బొబ్బిలి కథ మూడోది. నాలుగోది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పిల్లలకు ముందు తెలిసేది అదే: 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా. బొబ్బిలి రాజు రంగరాయుడంటే ఎన్టీ రామారావు, ఆయన సేనాని తాండ్ర పాపారాయుడంటే ఎస్వీ రంగారావు. ఆ ముఖాలు చెరపడం ఏ మాస్టారి తరమూ కాదు, చెరపనక్కర్లేదు కూడా. 1964లో తెలుగువాళ్లు బొబ్బిలిని ఎలా తలుచుకోవాలనుకున్నారో చెప్పే ఆధారం అది.

మిగతా మూడూ తొమ్మిదో తరగతి బల్ల మీద పెడదాం. ఓర్మ్ బొబ్బిలిలో లేడు. కంపెనీ పక్షాన రాస్తున్నాడు. ఫ్రెంచివాళ్లు కంపెనీకి శత్రువులు. బొబ్బిలివాళ్లతో ఆయనకు చుట్టరికమూ లేదు, పగా లేదు. ఇరుగుపొరుగు సంస్థానాల మధ్య కాలవ నీళ్ల తగాదాలు కూడా ఉన్నాయని ఆయన రాశాడు. పాటలో నీళ్ల మాట పెద్దగా పట్టదు. అక్కడ కథంతా పౌరుషం, మాట, మానం. తప్పు బుస్సీ మీద కంటే లంచం తిన్న అతని దుబాసీ హైదర్‌జంగు మీదికి ఎక్కువ పోతుంది. కావ్యం బొబ్బిలి వంశం మీద అభిమానంతో పుట్టింది. ఇప్పుడు పిల్లల్ని అడగండి: ఏది నిజం? రెండు జవాబులు వస్తాయి. ఒకరు అబద్ధం చెబుతున్నారు అనేది మొదటిది. నిజం మధ్యలో ఎక్కడో ఉంటుంది అనేది రెండోది. ఇంగ్లండులో పీటర్ లీ, రోజలిన్ ఆష్బీ 7 నుంచి 14 ఏళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలోనూ ఇలాంటి మెట్లే కనిపించాయి. జరిగింది ఒక్కటే కాబట్టి కథా ఒక్కటే ఉండాలి, రెండుంటే ఒకటి తప్పు అన్నది చిన్నపిల్లల తొలి నమ్మకం.

టీచరు పని ఇక్కడ మొదలవుతుంది. ఏది నిజం అన్న ప్రశ్నను కాసేపు పక్కనబెట్టి, ఏ కథనం ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు అని అడగాలి. దాడి ఎలా నడిచింది, ఎవరు ఎటువైపు ఉన్నారు అన్నదానికి ఓర్మ్ పనికొస్తాడు. అవమానం అంటే ఆ కాలపు వెలమ దొరలకు ఏమిటి, జనం ఎవరిని దోషిగా నిలబెట్టారు అన్నదానికి పాటను మించిన ఆధారం లేదు. ఒకరి మాట ఇంకొకరు వినని మూలాలు ఏ విషయంలో కలుస్తున్నాయో చూడాలి. కోటలోని ఆడవాళ్ల చావు గురించీ విజయరామరాజు హత్య గురించీ ఇంగ్లీషు చరిత్రా తెలుగు పాటా కలుస్తాయి. అక్కడ నేల గట్టిగా ఉందన్నమాట. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ బొబ్బిలిని పట్టుకునే ఒక పెద్ద వాదన చేసింది. మనవాళ్లకు చరిత్ర రాయడం తెలియదన్న పాత నింద తప్పు, కావ్యం, కథ, కైఫీయతు (ఊరి పాత సంగతుల పత్రం) రూపాల్లోనే ఆ కాలపు పాఠకుడికి తెలిసేలా చరిత్ర రాసుకున్నారన్నది ఆ వాదన. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. హైస్కూలులో ఆ తగువు తేల్చనక్కర్లేదు. కానీ పాటను పాటగా చదివి దాంట్లోంచి చరిత్ర రాబట్టడం నేర్పొచ్చు. 1949లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో చేసింది అదే. కావ్యాల్లో యథాలాపంగా వచ్చిన తిండి, బట్ట, ఆట, జాతర, తిట్టు పోగుచేసి జనం బతుకును చూపించాడు.

ఈ దారిలో ఒక గుంట ఉంది, ఇంగ్లండువాళ్లు అందులో పడ్డారు. పరీక్షల్లో నాలుగు వాక్యాల ఆధారం ఒకటిచ్చి, ఇది ఎంత నమ్మదగింది అని అడగడం మొదలయ్యేసరికి పిల్లలు సూత్రం కనిపెట్టారు. రాసినవాడు తెల్లవాడు కాబట్టి పక్షపాతం, రాజుగారి కవి కాబట్టి పక్షపాతం. మార్కు పడుతుంది, ఆలోచన ఆగిపోతుంది. పక్షపాతం కనబడగానే ఆధారాన్ని పారేయడం తెలివి కాదు, ఆ పక్షపాతమే ఏదో చెబుతుంది. దీనికి తిరగబడిన జబ్బు మనకుంది: విదేశీ యాత్రికుడంటే నిష్పాక్షికుడని మన పుస్తకాల నమ్మకం. మోటుపల్లిని ముత్ఫిలి అని పిలిచిన మార్కోపోలో అక్కడి రాణిని మెచ్చుకుంటూ, భర్త పోయాక నలభై ఏళ్లుగా ఏలుతోందని రాశాడు. ఆ రాణి రుద్రమే. తనకు ముందు ఏలిన గణపతిదేవుడికి ఆమె భార్య కాదు, కూతురు. మెప్పు మనకు నచ్చింది కాబట్టి దాన్ని పాఠంలో పెట్టుకుంటాం, పొరపాటును చెప్పం. ఆ రెండూ పక్కపక్కన పెడితే, ఆడది సింహాసనం మీద కనబడితే రాజు భార్యే అయ్యుంటుందని ఒక పరదేశి ఎంత తేలిగ్గా అనుకున్నాడో పిల్లలే పట్టేస్తారు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో ఎందుకు పిలిచాయన్న ప్రశ్న కూడా వెనకే వస్తుంది.

ఆధారాన్ని నిలదీయడం నేర్చుకున్నవాడు ఫోనులో వచ్చే వాట్సాప్ చరిత్రను కూడా నిలదీస్తాడని మనం ఆశపడతాం. అంత ధీమా వద్దు. వైన్‌బర్గూ సారా మెగ్రూ 2017లో పదిమంది చరిత్ర ఆచార్యుల్నీ, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లనీ, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థుల్నీ వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టారు. ఫ్యాక్ట్ చెకర్లు తేలిగ్గా గట్టెక్కారు, చరిత్ర ఆచార్యుల్లో కొందరు విద్యార్థుల్లాగే బోల్తాపడ్డారు. కారణం చిత్రమైంది. ఆచార్యులు అలవాటు ప్రకారం పేజీని శ్రద్ధగా, లోతుగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు చదవనే లేదు, వెంటనే ఆ పేజీ వదిలి ఇంకో ట్యాబులో ఈ సైటు వెనక ఎవరున్నారని వెతికారు. తాళపత్రం ముందు మంచి గుణం అనిపించుకున్న ఓపిక, మోసగాడి వెబ్‌సైటు ముందు బలహీనత అయింది. కాబట్టి రెండూ విడివిడిగా నేర్పాలి. ఏడువందల ఏళ్లనాటి వస్తువుదని చెప్పే ఫొటో ఒకటి గ్రూపులో పడితే, దాన్ని చూస్తూ కూర్చోకుండా అది ముందు ఎక్కడ వచ్చిందో వెతికే పని పదో తరగతి పిల్లలకు ఒక పీరియడులో నేర్పొచ్చు.

ఇక కాలం సంగతి. తేదీల బట్టీని తిట్టడం ఫ్యాషనైంది గానీ, కాలక్రమం లేకపోతే కారణమూ లేదు. పిల్లలకు కావాల్సింది తేదీల మూట కాదు, కాలాల మధ్య లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని తెలిసిన పిల్ల, ఊరి గుడి ముందున్న శాసనానికి ఎవరో పెట్టిన బోర్డును తనే సరిచూసుకోగలదు. తెలంగాణలో చాలా ఇళ్లలో పాత భూమి కాగితాల మీద ఫసలీ సంవత్సరాలుంటాయి. 590 కలపాలి. ఫసలీ 1358 అంటే 1948-49, అంటే ఆ కాగితం హైదరాబాదు మీద 1948 సెప్టెంబరులో జరిగిన సైనికచర్యకు (పోలీసు చర్య అంటారు) దగ్గరి రోజుల్లో పుట్టిందన్నమాట. బీరువాలోని కాగితానికీ పాఠానికీ లంకె అక్కడ పడుతుంది. ఒకే భాష మాట్లాడేవాళ్లకు కూడా కాలం ఒకేలా నడవలేదన్నది దీంతోపాటే తెలియాలి. 1947 ఆగస్టు 15న బెజవాడలో జెండా ఎగిరింది. నల్లగొండ అప్పటికి నిజాం రాజ్యంలోనే ఉంది. ఒకే గీత మీద రెండు ప్రాంతాల కాలరేఖ గీసిన పాఠాలు రెండు రాష్ట్రాల్లోనూ తక్కువే.

పటాల గురించి ఒక్క మాట చాలు. శాతవాహన రాజ్యానికి నేటి జిల్లాల్లా ఖచ్చితమైన అంచుగీత గీసి రంగు నింపడం మానేసి, నాణేలూ శాసనాలూ దొరికిన చోట్ల చుక్కలు పెట్టిస్తే రాజ్యమంటే ఏమిటో పిల్లలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

కారణాల విషయానికొస్తే మన పరీక్షలకు అయిదు అంకె మీద ఎందుకో ప్రేమ. ఏ రాజ్యం పడిపోయినా అయిదు కారణాలు, ఏ ఉద్యమం లేచినా అయిదు కారణాలు, అన్నీ ఒకే ఎత్తులో. వాటిలో ఏది ఎప్పటినుంచో రగులుతున్నది, ఏది ఆఖరి నిప్పురవ్వ, ఏది లేకపోయినా కథ ఇలాగే నడిచేది అని అడిగే ప్రశ్న ఎక్కడా రాదు. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువును తీసుకోండి. డొక్కల కరువని జనం పేరు పెట్టుకున్నారు. అయిదు లక్షల జనం ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని అంచనా. వాన పడలేదు, అది నిజం. కానీ వాన పడకపోవడం వెనకెప్పుడూ లేనిదా? చెరువుల మరమ్మతు, శిస్తు వసూలు, జమీందారీల అప్పులు, ధాన్యం తరలించడానికి దారులు, వీటిలో ఏది ఎంత? తరవాత 1844లో కంపెనీ ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్ట కట్టాలని నివేదిక రాశాడు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలై 1852లో పూర్తయింది. ఇక్కడ ఇంకో చిక్కు. కాటన్ మనసులో జాలి ఉంది, కంపెనీ మనసులో శిస్తు ఉంది, ఫలితం డెల్టా పచ్చబడటం. దాని వెంటే డెల్టాకూ మెట్టకూ మధ్య తేడా పెరిగింది. ఉద్దేశం ఒకటి, ఫలితం ఇంకోటి, ఆ ఫలితం కూడా అందరికీ ఒకేలా కాదు. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహానికి దండ వేసేవాళ్లను వెక్కిరించకుండా, వాళ్లతో కలిసి దండ వేసి ఊరుకోకుండా, ఈ మూడింటినీ విడదీసి రాయగలిగితే ఆ పిల్లకు కారణం-ఫలితం వచ్చినట్టే.

సున్నితత్వం అనే ఆరో ప్రమాణం గురించి నాకు గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది. నిన్ను నువ్వు ఆనాటి రైతుకూలీగా ఊహించుకుని డైరీ రాయి అంటే పిల్లలు రాసేది ఆనాటి కూలీ డైరీ కాదు, ఈనాటి పిల్లల జాలి. ఇంగ్లండులో 1980ల్లో ఇలాంటి ప్రశ్నల మీద పెద్ద దుమారమే రేగింది. ఊహించుకోమనే కంటే వినమనడం మేలు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ పని ఎలా చేయాలో చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లను వాళ్ల నోటితోనే చెప్పించిన పుస్తకమది. కమ్యూనిస్టు పార్టీ చరిత్రల్లో, నాయకుల ఆత్మకథల్లో లేని సంగతులు అందులోకి వచ్చాయి. దళంలో ఆడవాళ్లకు ఏ పని అప్పజెప్పారు, బిడ్డల్ని ఎవరి దగ్గర వదిలారు, పోరాటం విరమించాక ఇక ఇంటికెళ్లండి అంటే ఎలా అనిపించింది. నాటి దృష్టి అంటే ఇది.

ముసలివాళ్లను అడగడం చాలా తేలికనుకుంటాం. ప్రాజెక్టు పేరుతో పిల్లల్ని తాతమ్మ దగ్గరికి పంపిస్తాం, వాళ్లు పది ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లి పది జవాబులు రాసుకొస్తారు. అడగడం కూడా విద్యే. రజాకార్లు మీ ఊళ్లో దౌర్జన్యం చేశారా అని అడిగితే అవునో కాదో వస్తుంది. ఆ ఏడాది మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లు అని మొదలుపెడితే కథ వస్తుంది. చెప్పేవాళ్లు చూసిందీ, తరవాత విన్నదీ, సినిమాలో చూసిందీ కలగలిపి చెబుతారు. వాళ్లను తప్పుబట్టకుండా, అప్పుడు నువ్వు ఎక్కడున్నావు అవ్వా అని మెల్లగా అడగడం తెలియాలి. జ్ఞాపకంలో తప్పులుంటాయి, ఆ తప్పులకూ కారణాలుంటాయి.

ఇలాంటి పని మన నేల మీద రెండువందల ఏళ్ల కిందటే పెద్ద ఎత్తున జరిగింది. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు ఊరూరా తిరిగి, తిరగలేనిచోటికి మనుషుల్ని పంపి కైఫీయతులు రాయించారు, శాసనాలకు నకళ్లు ఎత్తించారు. మీ మండలంలోని ఊరి కైఫీయతు దొరికితే అది తరగతికి పండగ. అయితే అది చెప్పింది ఎక్కువగా కరణం. అడుగుతున్నది సర్కారు మనిషి. తన ఊరు పాతదని, తన మిరాశీ అంతకంటే పాతదని చెప్పుకోవడం కరణానికి అవసరం. ఊరి చివర పల్లెలోని మాల మాదిగలను ఎవరూ అడగలేదు. మన ఊరి చరిత్ర అనగానే పొంగిపోయే పిల్లలకు ఈ ఖాళీని చూపించడం కష్టమే, కానీ చూపించాలి.

అన్నిటికంటే కష్టమైంది 1948 సెప్టెంబరు 17. అయిదు రోజుల సైనికచర్య తరవాత నిజాం లొంగిపోయిన రోజు. విమోచన అన్నవాళ్లున్నారు, విలీనం అన్నవాళ్లున్నారు, విద్రోహం అన్నవాళ్లున్నారు. 2022లో అదే రోజు హైదరాబాదులో కేంద్రం విమోచన దినమనీ, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమనీ వేర్వేరుగా జరిపాయి. రజాకార్ల దాడుల్లో చచ్చినవాళ్ల కుటుంబాలు అదే తరగతిలో ఉంటాయి. సైనికచర్య వెనకాల జరిగిన హత్యాకాండలో పోయిన ముస్లింల కుటుంబాలూ ఉంటాయి. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఈ పాఠాన్ని దాటేసే టీచర్లను నేను తప్పుబట్టను, ఒక్క మాట జారితే ఫోనులో వీడియో అయిపోయే రోజులు. కానీ చరిత్ర చదువు పరీక్షకు నిలబడేది ఇక్కడే. తన ఇంట్లో విన్న కథకు ఎదురుగా పక్క బెంచీవాడి ఇంటి కథను పెట్టి, రెంటికీ ఆధారాలడగగలగడం, అడుగుతూ స్నేహం చెడగొట్టుకోకపోవడం. దీన్ని ఏ జాబితా అయినా నైతిక కోణం అంటూ రెండు మాటల్లో తేల్చేస్తుంది. నేర్పడానికి ఒక ఏడాది చాలదు.

ఇంత చెప్పాక పాత ప్రశ్న ఒకటి అడ్డం వస్తుంది. విషయమే రానివాడికి నైపుణ్యమేమిటి? డానియల్ విల్లింగ్‌హామ్ వంటి మనోవిజ్ఞానవేత్తలు విమర్శనాత్మక ఆలోచన అనేది విషయం నుంచి ఊడదీసి జేబులో పెట్టుకోగలిగే వస్తువు కాదంటారు. వాళ్ల మాటలో బలముంది. మోటుపల్లి శాసనమే చూద్దాం. 1244లో గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిచ్చాడు. ఇదివరకటి రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు, మేము కీర్తి కోసం, దయతో, మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము అన్నాడు. సుంకం ముప్ఫయ్యో వంతు. సరుకుల జాబితాలో గంధం, కర్పూరం, దంతం, ముత్యాలు, రాగి, మిరియాలు ఉన్నాయి. రేవు వ్యాపారం గురించి ఓనమాలు రానివాడికి ఇది కేవలం ఒక దయగల రాజు కథ. కాకతీయులు అప్పటికి తీరాంధ్రను పట్టుకున్నారని తెలిసినవాడికి ఇది కొత్త ప్రభువు వర్తకుల్ని పిలుచుకునే ప్రకటన.

అయితే విషయం ముందు పూర్తిచేసి నైపుణ్యం తరవాత చూద్దాం అనే మన పద్ధతికి దీన్ని సాకుగా వాడకూడదు. అవిషాగ్ రీస్‌మన్ శాన్ ఫ్రాన్సిస్కోలోని అయిదు ప్రభుత్వ హైస్కూళ్లలో 236 మంది పదకొండో తరగతి పిల్లలతో ఆరునెలలు చేసిన ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి. మామూలు పాఠం బదులు పత్రాలు చదివిస్తూ చరిత్ర చెప్పారు. ఆధారాల పరిశీలనలోనే కాదు, విషయాలు గుర్తుండటంలోనూ ఆ పిల్లలే ముందున్నారు. ఏదో ఒకటి తేల్చడానికి వాడిన సంగతి మనసులో నిలుస్తుంది, అంతే.

మన దగ్గర దీన్నంతా అడ్డుకునేది పుస్తకం కాదు, ప్రశ్నపత్రం. ఇచ్చిన పేరాను చదివి వ్యాఖ్యానించండి అన్న ప్రశ్న పదో తరగతి పరీక్షలో ఉంది. ఆలోచన మంచిదే. కానీ ఆ పేరా చాలాసార్లు పాఠ్యపుస్తకంలోంచే వస్తుంది, గైడు అమ్మేవాళ్లు ప్రతి పేరాకూ వ్యాఖ్యానం ముందే వండి పెడతారు. వ్యాఖ్యానాన్ని బట్టీ పట్టించగలిగిన దేశం మనది! చదవని పేరా ఇవ్వాలి. మోటుపల్లి శాసనంలో ఆరు వాక్యాలిచ్చి, ఈ మాట చెప్పాల్సిన అవసరం రాజుకు ఎందుకొచ్చింది, అధికారులు దీన్ని పాటించారని ఈ శాసనం రుజువు చేస్తుందా, రుజువు కావాలంటే ఇంకా ఏం వెతుకుతావు అని మూడే మూడు ప్రశ్నలడిగితే చాలు.

స్పాట్ వాల్యుయేషన్‌లో ఇవి దిద్దడం కష్టమని వెంటనే అంటారు, కష్టమే. ‘కీ’ చేతిలో పెట్టుకుని రోజుకిన్ని పేపర్లు తోసేయాల్సిన టీచరు ముందుకు, పాటించారని రుజువు కాదు, ఎందుకంటే చెప్పేవాడు రాజే అని ఒకరు, వర్తకులు మళ్లీ మళ్లీ వచ్చిన ఆనవాళ్లు ఉంటే పాటించినట్టే అని ఇంకొకరు రాసిన జవాబులు వస్తే రెంటికీ మార్కులు వేయాలి. దానికి ‘కీ’ లోనే వీలుండాలి, ఆ టీచరుకు తన శిక్షణలో ఒక్కసారైనా ఇలాంటి పత్రంతో కుస్తీపట్టిన అనుభవం ఉండాలి. పబ్లిక్ పరీక్ష ఇప్పట్లో మారకపోతే బడి చేతిలోనే ఉన్న నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కులతో మొదలుపెట్టొచ్చు. నెట్ సెంటరులో ప్రింటు తీసి అట్టకు అతికించిన ప్రాజెక్టుకు ఇప్పుడు పడుతున్నవి అవే.